పోత ఇనుప పెనానికి కాస్టిక్ సోడా నీళ్ళు: ఎంత కలపాలి, ఎలా కలపాలి?

పాత_మూకుడు
అందరికీ నమస్కారం. మా అటక మీద నుంచి మూడు పోత ఇనుప సామాన్లు కిందికి దిగాయి. ఒకటి చదును పెనం, ఒకటి మూత ఉన్న లోతు మూకుడు, ఇంకోటి కర్ర పిడి ఉన్న చిన్న పెనం. లోపలి వైపు ఫరవాలేదు గానీ, అడుగున, బయటి అంచుల వెంట ఏళ్ళ తరబడి మాడిన నూనె జిడ్డు చెట్టు బెరడులా గట్టిపడిపోయింది. స్టీలు పీచుతో చేతులు నొప్పెట్టేదాకా తోమాను. పైన కాస్త మెరిసిందే తప్ప ఒక్క పెచ్చు ఊడలేదు.

కాస్టిక్ సోడా నీళ్ళలో నానబెడితే వదిలిపోతుందని ఇక్కడే పాత చర్చల్లో చూశాను. కానీ ఎంత నీటికి ఎంత, వేడి నీళ్ళా చన్నీళ్ళా, ఏ బకెట్, ఎన్ని రోజులు, ఇవేవీ ఒక్కచోట లేవు. ఇనుము కూడా కరిగిపోతుందేమోనని ఒక భయం. ఇంట్లో మూడేళ్ళ పాప ఉంది, అది అసలు టెన్షన్. తెలిసినవాళ్ళు కాస్త వివరంగా చెప్పండి.

కొలిమి
ఎందుకండీ ఇంత గొడవ? బాగా కాలుతున్న నిప్పుల్లో పడేయండి. గంటలో బూడిద. మా ఇంట్లో ఎప్పుడూ అదే చేస్తాం.

తుప్పు_డాక్టర్
కొలిమి గారూ, మీ పెనం గట్టిది కాబట్టి బతికిపోయింది. అందరివీ బతకవు. నిప్పుల్లో వేడి అంతటా ఒకేలా ఉండదు. ఒక పక్క ఎర్రగా కాలుతుంటే ఇంకో పక్క చల్లగా ఉంటుంది. పోత ఇనుము పెళుసు సరుకు, ఆ తేడాకు వంకర పోతుంది, లేదా పగులుతుంది. పల్చటి పాత పెనాలైతే మరీను. పగలకపోయినా మితిమీరి కాలిన చోట ఎర్రటి పొలుసు కడుతుంది, దాని మీద ఆ తర్వాత నూనె పూత సరిగ్గా పట్టదు. వంకర పోయిన పెనాన్ని సరిచేసే దారి లేదు. ఓవెన్‌లో తనంతట తాను శుభ్రం చేసుకునే మోడ్ ఉంటుంది కదా, దానికీ నా ఓటు లేదు, కారణం అదే.

పాత_మూకుడు గారూ, మీ పెనానికి ఉన్నది జిడ్డు సమస్య. జిడ్డుకు కాస్టిక్ సోడాను మించింది లేదు. మాస్టారు వచ్చి లెక్క చెబుతారు, ఆగండి.

రసాయనం_మాస్టారు
వచ్చాను.

ముందు మీ భయం సంగతి. కాస్టిక్ సోడా, అంటే సోడియం హైడ్రాక్సైడ్, మామూలు గది వేడిలో ఇనుము జోలికి పోదు. అంతటి క్షారంలో ఇనుము తుప్పు కూడా పట్టదు. అందుకే పెనాన్ని ఆ నీళ్ళలో వారం ఉంచినా, మరిచిపోయి రెండు నెలలు వదిలేసినా లోహానికి ఏమీ కాదు. వెనిగర్ అలా కాదు, అది ఇనుమునే తింటుంది. ఈ ఒక్క తేడా గుర్తుంటే సగం తప్పులు జరగవు.

అది తినేది నూనె పూతను. వేడికి నూనె గట్టిపడి ఒకదానితో ఒకటి అల్లుకుపోయిన పొర అది. ఎంత గట్టిపడినా దానిలో కొవ్వుకు సహజమైన ఎస్టర్ బంధాలు మిగిలే ఉంటాయి. క్షారం వాటిని తెంపుతుంది. సబ్బు తయారీలో జరిగేదీ ఇదే. కాబట్టి మీ బకెట్‌లో చివరికి మిగిలేది నల్లటి, నాసిరకం సబ్బు నీళ్ళే అనుకోండి. మాడి బొగ్గైన భాగాన్ని క్షారం కరిగించలేదు, కానీ దాన్ని పట్టి ఉంచిన నూనె పోయాక బొగ్గు దానంతటదే పెచ్చులుగా రాలుతుంది. పోత ఇనుప పెనాన్ని సబ్బుతో తోమకూడదనే మాట కూడా ఇందుకే పుట్టి ఉంటుంది, ఆ రోజుల్లో నాటు సబ్బుల్లో మిగులు క్షారం ఉండేది. ఇప్పటి గిన్నెల సబ్బుతో ఆ ఇబ్బంది లేదు.

కొలత: లీటరు నీటికి 24 గ్రాములు. 20 లీటర్లకు 480. పెద్ద లెక్కేం లేదు, 20 నుంచి 30 గ్రాముల మధ్య ఎక్కడున్నా పని జరుగుతుంది. ఎక్కువ వేస్తే త్వరగా అయిపోతుందని రెండింతలు, మూడింతలు వేసేవాళ్ళున్నారు. కొంచెం త్వరపడుతుందేమో గానీ ప్రమాదం మాత్రం అంతకంత పెరుగుతుంది. ఓపికే చవక.

పాత_మూకుడు
మాస్టారూ, చాలా థాంక్స్. ఒక సందేహం. ఇంట్లో సింకు పైపుల్లో వేసే పొడి డబ్బా ఉంది, దాని మీద సోడియం హైడ్రాక్సైడ్ అనే రాసి ఉంది. అది సరిపోతుందా? బట్టల సోడా కూడా ఉంది.

గట్టు_మీద_గరిటె
డబ్బా మీద మిగతా పేర్లు కూడా చదవండి. కొన్ని పైపు పొడుల్లో అల్యూమినియం ముక్కలు కలుపుతారు, చూస్తే వెండి రంగు తునకలు కనబడతాయి. నీళ్ళు తగలగానే అవి క్షారంతో కలిసి బుసబుసా హైడ్రోజన్ వదులుతాయి, వేడెక్కుతాయి. పైపులో అడ్డు తొలగడానికి అది కావాలి, బకెట్‌లో మనకు అక్కర్లేదు. సోడియం హైడ్రాక్సైడ్ ఒక్కటే ఉన్నది, 100 శాతం అని రాసి ఉన్నది తీసుకోండి. గుళికలైనా పెచ్చులైనా ఒకటే.

బట్టల సోడా వేరే సరుకు, సోడియం కార్బొనేట్. దానికి ఈ బలం లేదు.

అలాగే ఈ పనిలో అల్యూమినియం అనేది ఎక్కడా ఉండకూడదు. బకెట్ కాదు, గరిటె కాదు, కొక్కెం కాదు. జింకు పూత ఉన్న ఇనుప బకెట్ కూడా వద్దు, జింకూ అంతే, హైడ్రోజన్ వదులుతుంది. మీ మూకుడు మూత మీద పిడి ఏ లోహమో చూశారా? అయస్కాంతం పెట్టండి. అంటుకోకపోతే విప్పి పక్కన పెట్టండి.

పాత_మూకుడు
పెట్టాను. అంటుకోలేదు! స్క్రూ విప్పేస్తే పిడి ఊడి వచ్చింది. ఇది అసలు నా బుర్రకు తట్టేది కాదు.

పెనంపిచ్చి
కర్ర పిడి ఉన్నదాన్ని కూడా పక్కన పెట్టండి. పిడి ఊడొస్తే సరే, లేకపోతే దాన్ని బకెట్‌లో ముంచకండి. క్షారం కర్రను మెత్తబరిచి పీచు పీచు చేస్తుంది.

దానికి వేరే దారి ఉంది. సోడియం హైడ్రాక్సైడ్ ఉన్న ఓవెన్ క్లీనర్ నురుగును ఇనుప భాగానికే పట్టించి, పిడి బయటికి ఉండేలా ప్లాస్టిక్ సంచి కట్టి, ఆరిపోకుండా ఒకటి రెండు రోజులు ఉంచండి. వాసన రాదని చెప్పే రకాల్లో చాలావాటికి ఈ మందే ఉండదు, సీసా వెనక చదివి కొనండి. గ్లౌజులు, కళ్ళద్దాలు దీనికీ అవసరమే. ఒక్క పెనమే ఉన్నవాళ్ళకు నిజానికి ఇదే సుఖం, 20 లీటర్ల నీళ్ళున్న బకెట్ కాపలా కాయాల్సిన పని ఉండదు.

రసాయనం_మాస్టారు
ఇక కలపడం. ఇది తీరిగ్గా చదవండి.

బకెట్ అడుగున 2 లేదా 5 అంకె ఉన్న త్రికోణం ఉండాలి. 2 అంటే గట్టి పాలిథిన్, 5 అంటే పాలీప్రొపిలీన్. రెండూ క్షారానికి చెక్కుచెదరవు. 1 అంకె ఉన్నవి, అంటే తాగునీటి సీసాల ప్లాస్టిక్, మెల్లగా పాడైపోతాయి. గట్టిగా బిగుసుకునే మూత తప్పనిసరి.

బకెట్‌ను ముందే, అది ఉండబోయే చోటే పెట్టండి. నింపాక 20 లీటర్లు, ఇనుము అన్నీ కలిపి మోయడం అనేది జరగకూడని పని. పిడి ఊడిందంటే కథ అక్కడితో సరి. బకెట్‌లో మూడింట రెండు వంతులే నీళ్ళు పోయండి, అంటే 20 లీటర్ల నీళ్ళకు 30 లీటర్ల బకెట్ కావాలి. పెనాలు దిగాక నీటి మట్టం పైకి వస్తుంది, అంచు దాటి పొర్లకూడదు.

చన్నీళ్ళే పోయాలి. నీళ్ళలోకి సోడా వేయాలి. సోడా మీద నీళ్ళు ఎప్పుడూ పోయకూడదు. ఈ వరస ఎందుకంటే, కాస్టిక్ సోడా కరిగేటప్పుడు గట్టిగా వేడి పుడుతుంది. 480 గ్రాములు 20 లీటర్లలో కరిగితే మొత్తం నీరు ఆరేడు డిగ్రీలే పెరుగుతుంది, చేతికి తేడా కూడా సరిగ్గా తెలియదు. అదే 480 గ్రాముల మీద ఒక్క లీటరు నీళ్ళు పోస్తే అది మరిగే దాకా పోతుంది. మరిగి ఊరుకోదు, ఎగిరి మొహం మీద పడుతుంది. వేడి అంతే, పంచుకునే నీళ్ళే తక్కువ. మొదలే వేడి నీళ్ళు తీసుకుంటే ఆ ప్రమాదాన్ని మనమే చేతులారా పిలిచినట్టు.

సోడాను పొడి ప్లాస్టిక్ డబ్బాలో తూచుకోండి. నీటి మట్టానికి దగ్గరగా వంచి, కొంచెం కొంచెంగా చల్లుతూ, పొడుగాటి ప్లాస్టిక్ లేదా స్టెయిన్‌లెస్ స్టీలు కడ్డీతో నెమ్మదిగా కలపండి. ఒకేసారి కుమ్మరిస్తే అడుగున గడ్డకట్టి, అక్కడే వేడెక్కి, ఉన్నట్టుండి పైకి చిమ్ముతుంది. కలిపేటప్పుడు నీళ్ళ మీదికి వంగకండి, పైకి లేచే ఆవిరి తుంపర గొంతులో మండుతుంది. గాలి ఆడే చోటే చేయండి, కానీ గుళికలు ఎగిరే ఈదురుగాలిలో కాదు. గుళికలు ప్లాస్టిక్‌కు, గ్లౌజులకు అంటుకుని ఎటు పడితే అటు చిందుతుంటాయి. నేల మీద పడ్డ గుళిక గాలిలోని తేమ పీల్చుకుని కాసేపట్లో చిన్న నీటి చుక్కలా మారిపోతుంది. చూస్తే నీళ్ళే అనిపిస్తుంది, వేలు పెడితే కాలుతుంది. పని అయ్యాక ఆ చుట్టుపక్కల తడిగుడ్డతో తుడవండి, గ్లౌజులు తీయకుండానే.

డ్యూటీ_నర్సు
మాస్టారు చెప్పినదానికి వేసుకోవాల్సినవి నేను కలుపుతాను. కళ్ళకు పక్కలు కూడా మూసుకునే గాగుల్స్. చత్వారం అద్దాలు లెక్కలోకి రావు, చుక్క పక్కనుంచి వస్తుంది. కాంటాక్ట్ లెన్సులు తీసేయండి. మోచేతి దాకా వచ్చే రబ్బరు గ్లౌజులు వేసుకుని, ముందు మామూలు నీళ్ళు పోసి ఎక్కడా చిల్లి లేదని చూసుకోండి. పొడుగు చేతుల చొక్కా, ప్యాంటు, రబ్బరు బూట్లు. ప్యాంటు బూట్ల బయటికి ఉండాలి, లోపలికి దోపితే జారిన చుక్క నేరుగా బూటులోకే పోతుంది. తోలు చెప్పులు, పట్టు, ఉన్ని అన్నీ జంతువుల నుంచి వచ్చినవే. వాటినీ మన చర్మాన్నీ క్షారం ఒకేలా తింటుంది.

ఇప్పుడు అసలు విషయం. ఆమ్లం పడితే వెంటనే మంట పుడుతుంది కాబట్టి మనిషి వెంటనే కడుక్కుంటాడు. క్షారం అలా కాదు. మొదట జారుడుగా, సబ్బు తగిలినట్టు ఉంటుంది. ఆ జారుడు మన చర్మంలోని కొవ్వే సబ్బుగా మారుతుండడం. మంట తెలిసేసరికి లోపలి దాకా దిగి ఉంటుంది. కంట్లో అయితే ఆ ఆలస్యం చూపుకే ముప్పు.

కాబట్టి ఎక్కడైనా జారుడు తగిలిందంటే ఆలోచించకుండా పారే నీళ్ళ కింద పెట్టండి. తడిసిన బట్టలు తీసేయండి. కనీసం 15 నిమిషాలు, ఇంకా జారుతుంటే ఇంకాసేపు. కంట్లో పడితే రెప్పలు చేత్తో విప్పి పట్టుకుని అప్పటికప్పుడే నీళ్ళు పోయాలి, 15 నిమిషాలకు తగ్గకుండా, ఆ తర్వాత నేరుగా ఆస్పత్రికి. నొప్పి తగ్గింది కదా అని ఇంట్లో కూర్చోవద్దు. గుళిక పొడిగా చర్మానికి అంటుకుంటే ముందు దులిపేసి, తర్వాత నీళ్ళు. ఎవరైనా మింగితే వాంతి చేయించకండి, పైకి వచ్చేటప్పుడు గొంతును రెండోసారి కాలుస్తుంది. డబ్బా చేత్తో పట్టుకుని అత్యవసర విభాగానికి పరుగెత్తండి.

కలపడం మొదలుపెట్టే ముందే పంపు తిప్పి నీళ్ళు వస్తున్నాయో లేదో చూసుకోండి. నీళ్ళ గొట్టం చేతికందే దూరంలో ఉండాలి.

కొలిమి
పక్కన వెనిగర్ సీసా పెట్టుకుంటే సరిపోదా? క్షారానికి ఆమ్లం విరుగుడు కదా.

డ్యూటీ_నర్సు
చర్మం మీద వద్దండీ. రెండూ కలిస్తే మళ్ళీ వేడి పుడుతుంది, అదీ అప్పటికే కాలిన చోట. పైగా సీసా మూత తిప్పేలోపు పోయిన క్షణాలు తిరిగి రావు. కంట్లో అయితే అసలు మాటే వద్దు. పారే నీరు పలచన చేస్తుంది, చల్లబరుస్తుంది, కడిగి తీసుకుపోతుంది. నేల మీద ఒలికిందనుకోండి, ముందు నీళ్ళతో కడిగేశాక చివర్లో వెనిగర్ తడిపిన గుడ్డతో తుడుచుకోండి, దానికి అభ్యంతరం లేదు.

నిర్వాహకుడు
పాత_మూకుడు గారూ, పాప ఉందన్నారు కాబట్టి ఈ మాట. మూత ఉన్న బకెట్ అంటే పాప తీయలేని మూత అని అర్థం కాదు. తాళం పడే గదిలో పెట్టలేకపోతే ఈ పనే పెట్టుకోకండి, పెనంపిచ్చి గారు చెప్పిన సంచి పద్ధతి చూసుకోండి. సంచి కట్టిన పెనం కూడా పాప చేతికి అందని చోటే. బకెట్ మీద పెద్ద అక్షరాలతో రాయండి, ఇంట్లో పెద్దవాళ్ళందరికీ నోటితో కూడా చెప్పండి. కాస్టిక్ సోడా కరిగాక చూడటానికి మంచినీళ్ళే, రంగూ వాసనా లేవు. తాగేసిన సీసాల్లో, గ్లాసుల్లో మిగులు సోడా ద్రావణం పోసి దాచడం ఈ వేదికలో ఎవరూ సలహాగా రాయొద్దు, అలాంటి పోస్టులు తీసేస్తాం. పెంపుడు జంతువుల విషయంలోనూ ఇదే.

పాత_మూకుడు
స్టోర్ గది ఉంది, బయట గొళ్ళెం, తాళం ఉన్నాయి. గాగుల్స్, గ్లౌజులు తెచ్చుకున్నాను. రేపు ఉదయం మొదలుపెడతాను. పాపను వాళ్ళ అత్తయ్య ఇంట్లో దింపి వచ్చాకే.

పాత_మూకుడు
అప్‌డేట్. పెనాన్ని, మూకుడును, మూతను స్టీలు తీగ కొక్కేలకు తగిలించి మెల్లగా దించాను. ఏమీ చిందలేదు. మొదటి గంటలో ఏమీ జరగలేదనిపించింది. సాయంత్రానికి నీళ్ళు లేత గోధుమ రంగు, మర్నాటికి అడుగు కనిపించనంత ముదురు గోధుమ. పైన సన్నటి నురుగు. కొక్కెంతో పైకి లేపి చూస్తే చదును పెనం పిడి దగ్గర బూడిద రంగు ఇనుము బయటపడింది, పక్కనే నల్లటి పొర తడిసిన కాగితంలా ముడతలు పడి వేలాడుతోంది. చూడటానికి భలే ఉంది. కానీ మూకుడు అడుగు మాత్రం ఇంకా మొండికేస్తోంది. ఇక్కడ బాగా చలిగా ఉంది, అదేమైనా కారణమా?

తుప్పు_డాక్టర్
అదే కారణం. వేడి తగ్గితే క్షారం పని బాగా మందగిస్తుంది, 10 డిగ్రీల కింద దాదాపు నిద్రపోయినట్టే. బకెట్‌ను ఇంకాస్త వెచ్చటి గదికి మార్చాలంటే మోయాలి, కాబట్టి వద్దు. పొయ్యి మీద కాచడం అస్సలు వద్దు, ఆ ఆవిరి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఇంకో వారం వదిలేయండి. మధ్యలో ఒకసారి తీసి, ఊడే పొరను ప్లాస్టిక్ గరిటెతో గీకి మళ్ళీ ముంచితే అడుగు పొరకు కొత్త ద్రావణం అందుతుంది. అప్పుడూ గాగుల్స్ తీయకండి. స్టీలు పీచు, బ్రష్షుతో తోమేటప్పుడు కుచ్చు ఎగిరి చిమ్ముతుంది చూశారా, నా లెక్కలో మొత్తం పనిలో కంటికి ఎక్కువ ప్రమాదం అక్కడే. కలిపేటప్పుడు అందరూ భయపడి జాగ్రత్తగా ఉంటారు, తోమేటప్పుడే అద్దాలు నుదుటి మీదికి పోతాయి.

సందేహాల_సంచి
మధ్యలో దూరుతున్నందుకు క్షమించండి. బలం తగ్గిందో లేదో పీహెచ్ కాగితంతో, అంటే క్షారం ఎంతుందో రంగుతో చూపే కాగితంతో, చూడొచ్చా?

రసాయనం_మాస్టారు
చూడొచ్చు గానీ ఏమీ తెలియదు. లీటరుకు 24 గ్రాములంటే పీహెచ్ సుమారు 13.8. బలం పదో వంతుకు పడిపోయినా 12.8 దగ్గరే ఉంటుంది. కాగితం రెంటికీ ఒకే రంగు చూపిస్తుంది. జిడ్డున్న ఇంకో పెనం ముంచితే రెండు మూడు రోజుల్లో కూడా రంగు కదలకపోతే బలం పోయినట్టు. మూత లేకుండా వదిలేస్తే గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుని మెల్లగా కార్బొనేట్‌గా మారుతుంది, అంటే మీరు డబ్బు పెట్టి బట్టల సోడా తయారు చేసుకున్నట్టు. మూత బిగిస్తే నెలల తరబడి పనికొస్తుంది, ఒకటి తర్వాత ఒకటి ఎన్నో పెనాలు. బలం పెంచాలనుకుంటే గుళికలను విడిగా చన్నీళ్ళలో కరిగించి, చల్లారాక పోయండి. ముదురు నీళ్ళలో అడుగున గుళికలు కరిగాయో లేదో కనిపించదు కదా.

పాత_మూకుడు
ఇంకో వారం ఉంచాను. మూకుడు అడుగు పొర మొత్తం చేతిలో అచ్చులా ఊడొచ్చింది! లోపల పోతపోసిన చోటి గరుకు, అడుగున ఒక అంకె కూడా కనిపిస్తున్నాయి. కానీ చదును పెనం మీద నారింజ రంగు మచ్చలు అలాగే ఉన్నాయి. ఇది తుప్పేనా? ఇంకా ఉంచనా?

తుప్పు_డాక్టర్
తుప్పే. నెల ఉంచినా పోదు. క్షారం ఇనుము జోలికి రాదన్నాం కదా, ఇనుము తుప్పు జోలికీ రాదు. ముందు జిడ్డు పోవాలి, తర్వాతే తుప్పు, ఈ వరస మారకూడదు. జిడ్డు కింద దాగిన తుప్పుకు ఏ మందూ అందదు.

మచ్చలు పల్చగా ఉంటే స్టీలు పీచుతో పోతాయి. లోతుగా ఉంటే సగం తెల్ల వెనిగర్, సగం నీళ్ళు. పెనాన్ని ముందు క్షారం పోయేలా బాగా కడగాలి. అరగంటకోసారి తీసి తోమి చూడండి, తుప్పు పోగానే బయటికి తీసేయండి. రాత్రంతా ఉంచి పడుకుంటే తెల్లారేసరికి ఇనుము మీద గుంటలు పడతాయి.

ఎలక్ట్రోలిసిస్, అంటే నీళ్ళలో పెనానికీ ఇంకో లోహపు పలకకూ మధ్య కరెంటు పంపి తుప్పు వదిలించడం, ఇంకా బాగా పనిచేస్తుంది, కానీ ఒక్క పెనానికి ఆ హంగామా ఎందుకు? చేసేవాళ్ళు రెండు సంగతులు మరవకండి. రెండో పలకగా స్టెయిన్‌లెస్ స్టీలు వాడొద్దు, విషపూరితమైన క్రోమియం నీళ్ళలోకి దిగుతుంది, మామూలు ఇనుప రేకు చాలు. ఉప్పు కలపొద్దు, క్లోరిన్ వస్తుంది, బట్టల సోడా కలపాలి. హైడ్రోజన్ ఎటూ వస్తుంది కాబట్టి గాలి ఆడాలి, నిప్పు దరిదాపుల్లో ఉండకూడదు.

అంగడి_వేట
నేను పాత సామాన్లు కొంటుంటాను. ఒక పెనం అడుగున బూడిద రంగు మెత్తటి లోహం మరకలున్నాయి, గోరుతో గీస్తే మెరుస్తోంది. దీన్ని కూడా ముంచేయనా?

గట్టు_మీద_గరిటె
ఆగండి ఆగండి. అది సీసం కావచ్చు. పాత పోత ఇనుప పాత్రల్లో సీసం కరిగించి తుపాకీ గుళ్ళు, వలల బరువులు పోసుకునేవాళ్ళు. సీసం క్షారంలో కొంత కరుగుతుంది కూడా, అంటే మీ బకెట్ మొత్తం పాడై, ఆ తర్వాత ముంచిన ప్రతి పెనానికీ అంటుకుంటుంది. సీసం పరీక్షించే పుల్లలు దొరుకుతాయి, ముందు దానితో చూడండి. అవునని తేలితే దానిలో వంట మాత్రం పెట్టుకోకండి. తోమి, గీకి దుమ్ము లేపకండి కూడా. గోడకు తగిలించుకోవడానికైనా నాకు మనసొప్పదు.

పెనంపిచ్చి
పాత_మూకుడు గారూ, తీసేటప్పటి సంగతి ఎవరూ చెప్పలేదు. కొక్కెంతో లేపి బకెట్ మీదే కాసేపు వేలాడనివ్వండి, కారేదంతా బకెట్‌లోకే కారాలి. తర్వాత ఇంకో బకెట్‌లో చన్నీళ్ళలో ఒకసారి ముంచి, ఆపైన పంపు కింద స్టీలు పీచు, గిన్నెల సబ్బుతో తోమండి. వేలికి ఎక్కడా జారుడు తగలనంత వరకు కడగాలి, అదీ గ్లౌజు వేలితోనే. మూత అంచు లోపల, పిడి మొదట్లో ఉన్న గాడిలో, మూత పిడి స్క్రూ రంధ్రంలో ద్రావణం దాక్కుంటుంది, అక్కడ పాత టూత్ బ్రష్ పెట్టండి.

చన్నీళ్ళు అని ఎందుకంటున్నానంటే, పూత పోయిన ఇనుము నగ్నంగా ఉంటుంది. వేడి నీళ్ళతో కడిగితే మీ కళ్ళ ముందే, నిమిషాల్లో పసుపు రంగు తుప్పు పొర పాకుతుంది. చన్నీళ్ళతోనూ వస్తుంది, కొంచెం ఆలస్యంగా. కడిగిన వెంటనే గుడ్డతో తుడిచి, 100 డిగ్రీల ఓవెన్‌లో గానీ సన్నటి సెగ మీద గానీ పూర్తిగా ఆరబెట్టండి. మొదట కొంచెం పసుపు గుడ్డకు అంటితే కంగారు పడకండి, నూనె గుడ్డతో గట్టిగా రుద్దితే పోతుంది.

తర్వాత వేడి మీదే వంటనూనె పల్చగా పట్టించి, పొరపాటున రాసినట్టుగా మొత్తం తుడిచేయండి. ఇంకా తుడవాలా అనిపించినా తుడవండి. నూనె ఎక్కువైతే జిగురుగా, చుక్కలు చుక్కలుగా గడ్డకడుతుంది. బోర్లించి 230 డిగ్రీల దగ్గర గంట కాల్చి, ఓవెన్‌లోనే చల్లారనివ్వండి. ఇలా మూడు నాలుగు సార్లు. మొదటిసారి గోధుమ రంగులో మచ్చలు మచ్చలుగా ఉంటే అది పాడైనట్టు కాదు, వండుతూ పోతే నలుపు అదే వస్తుంది.

సందేహాల_సంచి
ఇనుము సందుల్లో క్షారం ఇంకిపోయి తర్వాత వంటలోకి వస్తుందంటారు, నిజమేనా?

రసాయనం_మాస్టారు
పోత ఇనుము స్పాంజి కాదండీ, పైన కనిపించే గరుకు పైపైనే. జారుడు పోయేదాకా కడిగితే మిగిలేది లెక్కలోకి రాదు. అంత అనుమానంగా ఉంటే తడి పెనం మీద పీహెచ్ కాగితం అద్దండి, పక్కన పంపు నీళ్ళకూ అద్దండి. రెండూ ఒకే రంగైతే నిశ్చింతగా ఉండండి. కాగితం పనికొచ్చేది ఇక్కడ.

పాత_మూకుడు
రంగు ఒకటే వచ్చింది. మూకుడుకు రెండో పూత నడుస్తోంది. చివరి ప్రశ్న, ఈ 20 లీటర్ల నల్ల నీళ్ళు ఏం చేయాలి? వెనిగర్ ఒక గ్లాసు పోసి పెరట్లో పారబోయొచ్చని ఎక్కడో చదివాను.

రసాయనం_మాస్టారు
ఒక గ్లాసుతో ఏమీ కాదు. మీ బకెట్‌లో 480 గ్రాములు, అంటే 12 మోల్స్ (రసాయనాల పాళ్ళు లెక్కేసే కొలత) క్షారం వేశారు. ఒక మోల్ క్షారానికి ఒక మోల్ ఆమ్లం కావాలి. 5 శాతం వెనిగర్ లీటరులో 0.83 మోల్ ఆమ్లం ఉంటుంది. సగం ఖర్చయిపోయిందనుకున్నా మిగతా దానికి ఏడు లీటర్లు పైమాటే, అసలేమీ ఖర్చు కాకపోతే 14 లీటర్లకు పైన. ఎందుకా పని? మట్టిలో వద్దు, తెరిచిన కాలువల్లో, చెరువుల్లో వద్దు. అక్కడ బతికేవాటికి అది విషమే.

మురుగు శుద్ధి కేంద్రానికి పోయే పైపు అయితే దారి సులువు. పైపుల్లో అడ్డు తీయడానికి జనం పోసేదే ఇది. రెండు రోజులు కదపకుండా ఉంచి, మడ్డి అడుగుకు దిగాక, పంపు ధారగా తిప్పి ఉంచి, పై నీళ్ళను మగ్గు మగ్గుగా పోయండి, గాగుల్స్ పెట్టుకునే. అదే పైపులో ఆ రోజు వేరే క్లీనర్లు, బ్లీచ్, ఆమ్లం ఏవీ పోయకండి. మీది సెప్టిక్ ట్యాంకు అయితే ఒకేసారి పోయొద్దు, లోపలి సూక్ష్మజీవులు చస్తాయి. సీసమో, పాత రంగో ఉన్న పెనం ముంచిన నీళ్ళైతే అసలు పైపులోనే పోయకూడదు, ప్రమాదకర వ్యర్థాలు తీసుకునే చోట ఇవ్వాలి.

తుప్పు_డాక్టర్
పారబోయడం ఎందుకు మాస్టారూ, ఆ కర్ర పిడి పెనం ఇంకా ఉంది కదా ఆయన దగ్గర?

పాత_మూకుడు
దాని పిడి రివెట్‌తో బిగించారు, రాదు. దానికి సంచి పద్ధతే. బకెట్‌కు మూత బిగించి, తేదీ రాసి, తాళం వేశాను. పక్కింటాయన తన ఎనామెల్ పూత ఉన్న మూకుడు కూడా ఇందులో వేస్తానంటున్నారు, వేయొచ్చా?

గట్టు_మీద_గరిటె
వద్దని చెప్పండి. ఎనామెల్ గాజు పూత, ఎక్కువసేపు క్షారంలో ఉంటే మెరుపు పోయి గరుకెక్కుతుంది. నానబెట్టి, బేకింగ్ సోడా ముద్దతో మెత్తటి గుడ్డ పెట్టి రుద్దుకోమనండి. దానికి కొత్త చర్చ మొదలుపెట్టి ఫోటో పెట్టమనండి, ఎంత మాడిందో చూసి చెబుదాం.